తొడిమ

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
లోపల ఎర్రటి కుప్పలు, కుప్పల చుట్టూ ఆడవాళ్లు,
ఒకరి తుమ్ము ఆగేలోపు ఇంకొకరి తుమ్ము.
ఐస్ పెట్టె పట్టుకుని గుమ్మంలోనే దగ్గాను.
"అలవాటు లేదు పాపం" అని
ముక్కుకి కట్టుకోను పాతచీర పేలిక ఇచ్చారెవరో.
నా పరిశోధన ఆ పేలికతో మొదలైంది.
సినాప్సిస్‌లో అది రాయలేదు.

అప్పటికి రెండో ఏడు.
జువాలజీ వాళ్లు, ఇది సోషియాలజీ కదమ్మా అన్నారు.
సోషియాలజీ వాళ్లు, సూదులూ సీసాలూ మాకెందుకన్నారు.
ఫెలోషిప్ గుమాస్తా దరఖాస్తు అటూ ఇటూ తిరగేసి
"ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి" అన్నాడు.
ఆయన పెన్నే అడిగి తీసుకుని
రెండు గళ్ల మధ్య గీత మీద పెట్టాను.
ఆ ఫైలు ఇంకా ఎక్కడో తిరుగుతోంది.

నెత్తుట్లో ఒక ఎంజైము ఉంటుంది.
నరం చెప్పిన మాట కండరం వినగానే
ఇక చాల్లే అని దాన్ని తుడిచేసే మనిషి లాంటిది.
పురుగుమందు వచ్చి ఆ చేయి పట్టుకుంటుంది.
మాట ఆగదు. వేళ్లు వణుకుతాయి, కళ్లు కారతాయి.
ఇది నేను చదువుకున్నది.

దీవెనమ్మ చెప్పింది వేరు.
"తొడిమ ఊడేటప్పుడు టిక్కుమంటది.
రోజుకెన్నిసార్లంటదో నీ పుస్తకంలో ఉందా?
కిలోల లెక్కయితే మేస్త్రీ దగ్గరుంది.
రాత్రిళ్లు మజ్జిగ్గిన్నెలో చేతులు పెట్టుకు కూకుంటా,
మనవరాలు ఏడిస్తే మోచేతుల్తో ఎత్తుకుంటా.
ఈ మంట కాయదో, మందుదో
నా చేతికెట్టా తెలుస్తది?"
నా మిషనుకీ తెలియదు. ఆ మాట పైకి అనలేదు.

అంగీకార పత్రం చదివి వినిపించాను, రెండు పేజీలు.
"స్వచ్ఛందంగా" దగ్గర, అదేందంది.
ఇష్టమైతేనే ఇవ్వచ్చు, అన్నాను.
పక్కనామె తుమ్ముతూనే నవ్వింది:
"ఇష్టమైతేనేనంట! ఇనండే!"
వేలిముద్ర వేయించాను.
కాగితం మీద నున్నటి ఊదారంగు మచ్చ. గీతల్లేవు.
రేషను మిషను మూడు నెలలుగా ఆమెను
ఆమె కాదంటోందట.
మా ఎథిక్స్ కమిటీ మాత్రం ఒప్పుకుంది.

కిట్టుతో వచ్చిన కాగితంలో నార్మల్ అని రెండంకెలున్నాయి.
ఎవరి నార్మల్? అడుగున చీమల్లాంటి అక్షరాల్లో:
ఆరోగ్యవంతులైన పురుషులు, డెబ్భై కిలోల బరువు.
దీవెనమ్మ ముప్పైతొమ్మిది, అదీ చెప్పులతో.

సెమినార్లో ఒక పెద్దాయన లేచి
"కంట్రోలు గ్రూపేదమ్మా?" అన్నాడు.
అడగాల్సిన ప్రశ్నే.
అదే వాడ, అవే నీళ్లు, అదే బియ్యం,
కానీ మిరపకాయ ముట్టని నలభై మంది కావాలి నాకు.
మార్చి ఎండలో ఇల్లిల్లూ తిరిగాను.
తొమ్మిది మంది దొరికారు.
ఒకామె మంచంలోంచే అంది, "నేను ముట్టట్లేదమ్మా,
నిరుటి నించి చేతకాక."
ఆమెను కొట్టేశాను. ఎనిమిది.

రిపోర్టు పట్టుకుని మళ్లీ షెడ్డుకెళ్లాను.
ఇవ్వక్కర్లేదన్నారు మా సారు; సగటు చాలు, మనిషి వద్దట.
"నా నెత్తురేమందే?" అంది దీవెనమ్మ.
తక్కువుంది, అన్నాను.
"ఎవరికంటే?"

ఐస్ పెట్టెలో నీళ్లు కదిలాయి.
డెబ్భై కిలోల ఆ మగవాడు ఏ దేశంవాడో,
ఏం తిని పడుకున్నాడో, సూది గుచ్చేముందు
అతన్నెవరైనా ఇలా అడిగారో.

ఆమె జరిగి కుప్ప పక్కన జానెడు చోటిచ్చింది.
"కూకో. నిమ్మళంగా ఆలోచించుకుని చెబుదువులే."
కూర్చున్నాను. ఊరికే ఉండలేక
చేయి ఒక కాయను తీసుకుంది.
టిక్కుమంది.